పోస్టుమాస్టరుగారి కోటు మీద కూర్చున్న పెట్ట

ఆ రోజు పొద్దున్న దర్జీ పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగాలి, పోస్టుమాస్టరుగారి కోటు గంపలోంచి తీసి ఇంకోసారి ఇస్త్రీ చెయ్యాలి, పోస్టాఫీసుకు వెళ్లి అప్పగించి రావాలి. అంతే. నెలాఖరుకు పోస్టుమాస్టరుగారు ఉద్యోగ విరమణ చేస్తున్నారు. ఆ సన్మానం కోసం కూతురు దగ్గరుండి కొనిపెట్టిన గుడ్డ అది. మళ్లీ కావాలన్నా దొరకదు. అందుకే దర్జీ తన జన్మలో మొదటిసారి గడువుకన్నా నెల రోజులు ముందే కోటు పూర్తిచేసి, కాజాలు తీసి, గుండీలు కుట్టి, మడతపెట్టి వెనకగదిలో వెదురుగంపలో భద్రంగా పెట్టాడు. ముందే కుట్టడం తనకు అచ్చిరాదని ఆయనకు అప్పటికింకా తెలియదు.

కాఫీ సగంలో ఉండగానే వెనకగదిలోంచి ఇల్లాలి కేక వినిపించింది.

"ఏమండీ! ఇలా రండి! చప్పుడు చెయ్యకుండా రండి!"

చప్పుడు చెయ్యొద్దని వీధంతా వినబడేలా చెప్పగలిగేది ఆవిడ ఒక్కతే. దర్జీ మునివేళ్ల మీద వెళ్లి చూశాడు. గంపలో నల్లపెట్ట ఒళ్లంతా విప్పుకుని, కుట్లు ఊడిన దిండులా పరుచుకుని కూర్చుంది. కళ్లు ఎటో పెట్టింది. ప్రపంచంతో తనకిక పని లేదన్నట్టుంది దాని వాలకం.

"గుడ్లు ఎక్కడ పెడుతోందా అని ఇల్లంతా గాలించాను కదండీ. దొంగముండ, ఇక్కడ దాచింది! చూడండి, పొదుగుకు కూర్చుంది!"

దర్జీ చూశాడు. పెట్ట కింద గుడ్లు. గుడ్ల కింద కోటు. కోటు చెయ్యి ఒకటి గంప అంచుమీదుగా కొంచెం బయటికి వచ్చి, కాపాడమని పిలుస్తున్నట్టుంది. ఆయన ఆ చేతిని అందుకోబోయాడు. పెట్ట ఆయన చేతిని అందుకుంది.

"అమ్మో!"

"అయ్యో, దాని జోలికి ఎందుకెళ్లారు? పోయినేడు కాస్త గడ్డి మార్చాననే కదా అలిగి లేచిపోయింది! గుడ్లన్నీ మురిగిపోయాయి. ఈసారి ఆ గంపలో ఒక్క పీలిక కదిలిందో, మీ వంట మీరే వండుకోండి, చెబుతున్నా!"

పొడిచిన వేలు నోట్లో పెట్టుకుని నిలబడ్డ దర్జీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. వేలు నొప్పికి కాదు. ఆవిడ జ్వరపడి లేచి చాలా రోజులైంది. ఒళ్లు కోలుకుంది గానీ మనిషి కోలుకోలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. ఏం వండమంటావని అడిగితే "ఏదో ఒకటి" అనేది. ఉప్పు లేకుండా వండిపెట్టినా మాట్లాడకుండా తినేసిన రోజున ఆయనకు నిజంగా భయమేసింది. అలాంటి మనిషి ఈ పెట్టను వెతుక్కుంటూ మంచం దిగింది, పెరడు తిరిగింది, ఇవాళ నోరారా తిట్టింది. గంపలో ఉన్నవి పాత పీలికలే అనుకుంటోంది. కోటు సంగతి చెబితే ఏం చేస్తుందో ఆయనకు తెలుసు. "ఒకరి బట్ట మీద మన కోడేమిటండీ?" అని తన చేత్తోనే పెట్టను లేపేస్తుంది. ఆ తరవాత వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంటుంది.

కాబట్టి దర్జీ నోరు మూసుకున్నాడు. మూసుకున్న నోటిని పోస్టాఫీసు దాకా అలాగే తీసుకెళ్లి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"ఏమయ్యా, చేతులూపుకుంటూ వచ్చావు? కోటేదీ?" అన్నారు పోస్టుమాస్టరుగారు కళ్లజోడు పైనుంచి చూస్తూ.

"గుండీలు రాలేదండీ."

"ఎక్కడినుంచి రావాలి?"

"పట్నం నుంచండీ. పార్సిలు పంపామన్నారు. పోస్టులో ఎక్కడో..."

మాట బయటపడ్డాక తెలిసింది, ఏ గుమ్మంలో నిలబడి ఏ మాట అన్నాడో. పాము పుట్టలో చెయ్యి పెట్టి, వేలుంగరం కోసం వెతుకుతున్నానని చెప్పినట్టయింది. పోస్టుమాస్టరుగారు మెల్లగా లేచారు.

"నా సర్వీసులో ఇంతవరకూ ఒక్క కార్డుముక్క తప్పిపోలేదు. ఇప్పుడు, దిగిపోయే ముందు, నా కోటు గుండీలు, నా ఆఫీసులో పోతాయా?"

"పోలేదండీ, ఆలస్యం..."

"నువ్వు ఇంటికెళ్లు. నేను చూసుకుంటాను."

చూసుకున్నారు. సంచులన్నీ బోర్లించారు. పై ఆఫీసులకు ఫోన్లు చేశారు. మర్నాడు పోస్టుమాన్ కుట్టుమిషను ముందుకు వచ్చి సైకిలు కూడా దిగకుండా నిలబడ్డాడు.

"అన్నా, ఇన్నేళ్లుగా ఈ గుమ్మంలో ఉత్తరం ఇచ్చి నీళ్లు తాగి వెళ్తున్నా. నీ గుండీలు నేను తిన్నానా?"

"ఛ, ఛ! అదేం మాట తమ్ముడూ?"

"మరి మాస్టారు నన్ను మూడుసార్లు అడిగారు. మూడోసారి నేను తీశానేమోనని నాకే అనుమానమొచ్చింది."

అతని మొహం చూడలేక దర్జీ ఇంకో అబద్ధం వాడాడు. "నేను లేనప్పుడు వచ్చి ఉంటుందిలే. ఎవరైనా ఎదురుకొట్టులో ఇచ్చి వెళ్లారేమో."

పోస్టుమాన్ తేలికపడి వెళ్లాడు. ఆ బరువు తిన్నగా వీధి దాటి ఎదురుగా కిరాణాకొట్టు నడిపే ఆవిడ నెత్తిన పడింది. మధ్యాహ్నానికల్లా ఆవిడ కొంగు బిగించుకుని వచ్చేసింది.

"వదినా! ఓ వదినా! మీ ఆయన గుండీలు నా కొట్లో ఉన్నాయట! వచ్చి డబ్బాలన్నీ వెతుక్కోండి. కందిపప్పులో చూస్తారో, మినప్పప్పులో చూస్తారో మీ ఇష్టం!"

"మెల్లగా మాట్లాడవే, పెట్ట బెదురుతుంది," అంది ఇల్లాలు. "ఏం గుండీలు?"

ఆ సమయానికి దర్జీ వెనకగదిలో ఉన్నాడు. పెట్ట రోజుకొకసారి గంప దిగి, నాలుగు గింజలు తిని, గుక్కెడు నీళ్లు తాగి, మట్టిలో ఒళ్లు దులుపుకుని గబగబా వచ్చి కూర్చుంటుంది. ఆ కాస్త వ్యవధిలో కోటు లాగేసి కింద పాత దుప్పటి దూర్చాలని ఆయన పన్నాగం. కోటు కాలరు చేతికి దొరికింది. గుడ్లు దొర్లబోయాయి. రెండో చేత్తో వాటిని ఆపాడు. ఇక లాగడానికి మూడో చెయ్యి లేదు. ఆ స్థితిలో ఇద్దరు ఆడవాళ్లూ గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"ఏం చేస్తున్నారండీ?"

"గుడ్లు... చల్లబడతాయేమోనని... చేతులు అడ్డం పెట్టాను."

ఇల్లాలు ఆయన చేతులకేసి చూసింది. "చూశావా చెల్లీ? పోయినేడు కోళ్లంటే చీదరించుకున్న మనిషి," అంటూ మెత్తబడిపోయింది. కిరాణా ఆవిడ కూడా కొంగు వదులుచేసింది. ఆ దెబ్బతో రెండు సంగతులు స్థిరపడ్డాయి. ఒకటి, పెట్ట దిగినప్పుడల్లా గుడ్లకు కాపలా దర్జీదే, పక్కన ఇల్లాలు కూర్చుని ఆప్యాయంగా చూస్తూ ఉంటుంది. రెండు, పెట్ట దడుచుకోకుండా పిల్లలు లేచేదాకా కుట్టుమిషను తొక్కకూడదు. వచ్చిన బట్టలన్నీ ఆయన చేతికుట్టు కుట్టవలసివచ్చింది. కుడుతున్నంతసేపూ ఆవిడ పక్కనే కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ, కుట్టు వంకరపోయిందని సాధిస్తూ ఉండేది. ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్లయిందో అనుకునేవాడాయన, వంకరగానే కుడుతూ.

కానీ గుండీల సంగతి ఆవిడ మనసులో పడిపోయింది. ఓ సాయంత్రం పెట్టె అడుగునుంచి తన తండ్రి కోటు తీసింది. ఆయన పోయాక ఆవిడ దాచుకున్న వస్తువు అదొక్కటే. దానికున్న ఇత్తడి గుండీలు ఒక్కొక్కటే కత్తిరించి, చెప్పకుండా పోస్టాఫీసుకు వెళ్లి బల్లమీద పెట్టింది.

"అయ్యగారూ, మీ కోటుకు ఇవి వేసుకోండి. మా ఆయన తిండి కూడా సరిగ్గా తినడం లేదు. ఎప్పుడు చూసినా ఆ గంప ముందే దిగులుగా కూర్చుంటున్నారు."

పోస్టుమాస్టరుగారు ఆ గుండీలు ముట్టుకోలేదు. చేతులు జోడించారు. "నా ఆఫీసు చేసిన తప్పుకు మీ నాన్నగారి కోటు విప్పుతావా తల్లీ? వద్దు. ఆ పార్సిలు దొరికితేనే సన్మానం. లేకపోతే వెనకదారిన ఇంటికి పోతాను."

ఈ మాట ఆవిడ నోట విన్న రాత్రి దర్జీకి నిద్ర పట్టలేదు. ఒక మంచి మనిషి పేరు ఒకపక్క, తన మనిషి ప్రాణం ఒకపక్క. తెల్లవారితే సన్మానం. వెళ్లి నిజం చెప్పేస్తాను, ఆపైన పెట్ట దయ, దేవుడి దయ అని నిశ్చయించుకుని, పొద్దున్నే చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

అప్పటికే పోస్టుమాస్టరుగారు గుమ్మంలో ఉన్నారు. వెనక పోస్టుమాన్, అతని వెనక ఏం జరుగుతుందో చూద్దామని కిరాణా ఆవిడ. మగవాళ్లిద్దరి జుట్టునిండా బూజు. పోస్టుమాస్టరుగారి చేతిలో ఓ చిన్న పార్సిలు.

"దొరికిందయ్యా," అన్నారాయన.

"ఏం దొరికిందండీ?" అన్నాడు దర్జీ నిజంగానే ఆశ్చర్యపోయి.

"నీ గుండీలు. పాత బీరువా జరిపిస్తే గోడకూ దానికీ మధ్య ఉంది. నీ పేరే. కాకపోతే..." తల వంచుకున్నారు. "ముద్ర చూశాను. ఎనిమిదేళ్ల కిందటిది. ఎనిమిదేళ్లు నా కుర్చీ వెనక పడి ఉంది. నన్ను క్షమించు."

దర్జీ పార్సిలు అందుకున్నాడు. చంటిపిల్లల గౌన్లకు వేసే తెల్లగుండీలు. అప్పుడు గుర్తొచ్చింది. తెప్పించాడు, రాలేదు. పట్నం వ్యాపారి మోసం చేశాడనుకుని, ఆ మనిషి పెళ్లిభోజనానికి పిలిచినా వెళ్లలేదు. నోరు తెరిచాడు. ఏ మాట వచ్చేదో గానీ, ఈలోగా వెనకగదిలోంచి కేక.

"ఏమండీ! లేచాయండీ! పిల్లలు లేచాయి!"

అందరూ పరుగెత్తారు. నల్లపెట్ట గంపలో కాస్త ఎత్తుగా లేచి నిలబడి, గొంతు మార్చి, ఇన్నాళ్లూ ఎవరూ వినని మెత్తని పలుకుతో కుక్కుక్కుమంటోంది. రెక్క కిందనుంచి ఒక పసుపు తల, తోకవైపునుంచి ఒక నల్ల తల, ఇంకా తడి ఆరనిది ఒకటి. పగిలిన పెంకుల మధ్య, ఊలు గుడ్డ మీద, వరసగా అయిదు మెరిసే గుండీలు.

అందరూ గంప మీదికి వంగారు.

"ఇది నా కోటే!" అన్నారు పోస్టుమాస్టరుగారు.

"గుండీలున్నాయే!" అన్నాడు పోస్టుమాన్.

"మరి నా పప్పుడబ్బాలు?" అంది కిరాణా ఆవిడ.

ఇల్లాలు కోటు చూసింది. మొగుడివైపు తిరిగింది. దర్జీ అందరికీ చెప్పవలసిన మాట ఆవిడకు ఒక్కదానికే చెప్పాడు. "నువ్వు దీన్ని వెతుక్కుంటూ మంచం దిగావు. దీన్ని లేపితే నువ్వు మళ్లీ పడుకుంటావేమోనని..."

ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనకనుంచే, "ఇంత తెలివితక్కువ మనిషిని కట్టుకున్నానేమిటమ్మా," అంది. ఆ గొంతులో తిట్టు లేదు.

పోస్టుమాస్టరుగారు గంప పక్కన చతికిలబడ్డారు. వేలు జాపితే పెట్ట ఆయన్నీ పొడిచింది. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నువ్వు చెప్పింది అబద్ధం. నేను పోగొట్టింది నిజం. నువ్వు నిజమే చెప్పి ఉంటే, నా అంతవాడు లేడనుకుంటూ దండ వేయించుకుని పోయేవాణ్ని. ఇక ఏడిపించకు, కోటు తియ్యి."

"ఇంకా రెండు గుడ్లు పగల్లేదు అయ్యగారూ," అంది ఇల్లాలు మెల్లగా. అంటూనే పెట్టను తీయడానికి చేతులు జాపింది. "అయినా ఒకరి బట్ట మీద..."

"ఉంచమ్మా, ఉంచు!" అన్నారాయన కంగారుగా. "ఇప్పుడా లేపేది?"

సన్మానానికి పోస్టుమాస్టరుగారు మామూలు చొక్కాతోనే వెళ్లారు. కోటు ఏదని ఎవరో అడిగితే, "నేను దిగిపోయాను, అది ఇంకా డ్యూటీలో ఉంది," అని చెప్పారు. వేదిక మీద అందరిముందూ పోస్టుమాన్ చెయ్యి పట్టుకుని అనుమానించినందుకు మన్నించమన్నారు. ముందు వరసలో దర్జీ దంపతులు కూర్చున్నారు. ఆవిడ ఇంటినుంచి బయటికొచ్చి నలుగురిలో కూర్చోవడం జ్వరం తరవాత అదే మొదలు.

పిల్లలు పెరిగాయి. పెట్ట వాటిని వెంటేసుకుని పెరడంతా తవ్విపోసింది. గద్ద నీడ పడితే రెక్కలు తెరిచేది, అన్నీ ఒక్క గంతులో లోపలికి దూరేవి. ఈకలు వచ్చాక ఇల్లాలు పోస్టుమాన్‌కు ఒకటి, కిరాణా ఆవిడకు ఒకటి, పోస్టుమాస్టరుగారికి రెండు ఇచ్చింది. ఎన్నిసార్లు ఉతికినా వాసన వదలని ఆ కోటు తొడుక్కుని, ఆయన రోజూ పొద్దున్నే వచ్చి కోళ్ల పెంపకం గురించి ఆవిడ దగ్గర పాఠం చెప్పించుకుంటున్నారు. తండ్రి కోటుకు దర్జీయే కూర్చుని గుండీలు తిరిగి కుట్టాడు, కుట్లు ఈసారి వంకర లేకుండా. అబద్ధం మాత్రం మానేశాడు. బట్టలు ఆలస్యమైతే, వాటి మీద కోడి కూర్చుందండీ అని ఉన్నమాటే చెబుతాడు.

ఒక్కరూ నమ్మడం లేదు.