మాస్టారు ఎంచుకున్న డాక్టరు

రిటైరైన ఉద్యోగులందరికీ ఇకపై నచ్చిన డాక్టరు దగ్గర వైద్యం చేయించుకునే సంపూర్ణ స్వేచ్ఛ ఉంటుందని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. తనక్కూడా ఈ పథకమే చాలన్నారు. అలా అన్నప్పుడు ఆయన గొంతు వణికింది. స్వేచ్ఛ మాటెత్తితే ఆ గొంతు ఎప్పుడూ వణుకుతుంది.

అందరికంటే ఎక్కువ సంతోషించింది లెక్కల మాస్టారు. వీధి చివర డాక్టరమ్మకు ఆయన గుండె సంగతి ఏళ్ల తరబడి తెలుసు. మాస్టారి భార్య చివరి రోజుల్లో, మందులతో పని లేదని తేలాక కూడా వచ్చి, మంచం పక్కన ఊరికే కాసేపు కూర్చుని వెళ్లిన మనిషి ఆవిడ. ఈ వయసులో గుండెను కొత్త చేతుల్లో పెట్టడం మాస్టారి వల్ల కాదు.

పథకం ఆఫీసులో ఆఫీసరు లేచి నిలబడి మరీ ఆహ్వానించాడు.

"మొట్టమొదటి లబ్ధిదారు మీరే మాస్టారూ! రేపు సభలో, మంత్రిగారి ఎదుట, మీ డాక్టర్ని మీరే ఎంచుకుంటారు."

"మా వీధి డాక్టరమ్మనండీ."

"ఎవరినైనా ఎంచుకోండి. ఫుల్ ఫ్లెక్సిబిలిటీ!"

"అయితే ఆవిడే."

"ఆవిడ ప్యానెల్లో లేరు కదండీ. స్టేజీ మీద కూర్చునే అయిదుగురిలో ఎవరినైనా."

"నచ్చకపోతే మార్చుకోవచ్చా?"

"భేషుగ్గా! ఏడాది తర్వాత."

సభకు డాక్టరమ్మ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది, మాస్టారి ముచ్చట చూద్దామని. స్టేజీ మీద అయిదు తెల్లకోట్లు మెరుస్తున్నాయి. మెట్లెక్కి ఆయాసపడుతున్న మాస్టారికి మధ్యకోటాయన తన కుర్చీ ఇచ్చి తాను నిలబడ్డాడు. మాస్టారు ఆయన్నే ఎంచుకున్నారు. చప్పట్లు మోగాయి.

మంత్రిగారు "స్వేచ్ఛ అంటే..." అనగానే ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఆయన తెల్లకోట్ల వైపు చూశారు. తెల్లకోట్లు తమ బూట్ల వైపు చూసుకున్నాయి. మధ్యకోటాయన మాత్రం గ్లాసుడు మంచినీళ్లు అందించాడు. ఎక్కిళ్లు తగ్గలేదు.

"ఆ ముందు వరసలో ఆవిడ డాక్టరే కదయ్యా, పిలవండి!" అన్నారు మంత్రిగారు.

ఆఫీసరు ఆయన చెవి దగ్గర వంగాడు. "ప్యానెల్లో లేరు సార్. ప్రెస్సు వాళ్లున్నారు."

మంత్రిగారు నియమం తప్పని మనిషి. ఎక్కిళ్లతోనే ప్రసంగం పూర్తిచేశారు. జనం అది ఆవేశమనుకుని ప్రతి ఎక్కిలికీ చప్పట్లు కొట్టారు.

కొన్నాళ్లకి మాస్టారికి ఛాతీ బరువుగా అనిపించింది. తన డాక్టరెక్కడ ఉంటారని పథకం ఆఫీసులో అడిగితే వరండా చివరి గది చూపించారు. తలుపు మీద 'రికార్డుల విభాగం' అని ఉంది. ఫైళ్ల గుట్ట వెనక నుంచి మధ్యకోటాయన, కోటు లేకుండా, కంగారుగా లేచాడు.

"నేను గుమస్తానండీ. ఆ రోజు డాక్టర్లంతా డ్యూటీలో ఉన్నారు. ఫొటోకి అయిదుగురు కావాలన్నారు. కోటు నాకు సరిపోయింది."

ఆఫీసరు పరుగున వచ్చాడు. "మీ ఎంపిక కంప్యూటర్లోకి ఎక్కిపోయింది మాస్టారూ. ఏడాది దాకా ఈయనే మీ డాక్టరు. మీ స్వేచ్ఛలో మేం జోక్యం చేసుకోకూడదు." వచ్చినంత వేగంగానే వెళ్లిపోయాడు.

గుమస్తా ఫ్యాను మాస్టారి వైపు తిప్పాడు. ఎక్కడ బరువు, ఎప్పటి నుంచి, అన్నీ మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. ఇంత ఓపికగా వినే డాక్టరు ప్యానెల్లో మరొకరు ఉండరనిపించింది మాస్టారికి.

"నాకు వైద్యం తెలీదండీ, రూల్సు తెలుసు. మీ డాక్టరు రాసిస్తే బయట ఎవరి దగ్గరికైనా వెళ్లొచ్చు."

"మరి నా డాక్టరు..."

"నేనే కదండీ!"

మాస్టారు వీధి చివర డాక్టరమ్మ పేరు చెప్పగానే రెండు ముక్కలు రాసి ముద్ర గుద్దాడు. "ఇప్పుడే వెళ్లండి, ఆలస్యం చేయకండి. మా అమ్మని కూడా ఆవిడకే చూపిస్తాను."

మాస్టారు బయటికొచ్చేసరికి వరండాలో మంత్రిగారి పీఏ అటూ ఇటూ చూస్తూ నిలబడి ఉన్నాడు.

"లోపల డాక్టరుగారు ఖాళీయేనాండీ?"

"ఖాళీయే. ఏం, ఎక్కిళ్లు తగ్గలేదా?"

పీఏ గొంతు తగ్గించాడు.

"తగ్గలేదు, బయట చూపించుకోవడానికి చీటీ కావాలి. మంత్రిగారు పొద్దున్నే ఈయన్ని ఎంచుకున్నారండీ."