ముగ్గులో పుట్టిన వాగు

ఒక ఊరు నిజంగా ఎక్కడ ఉంటుంది: నేల మీదనా, ప్రణాళికలోనా? ఎర్రగట్టుపల్లికి పంచాయతీ కార్యదర్శిగా వచ్చిన నాటి నుంచి ఈ ప్రశ్న నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. లోకంలోని నదులూ వాగులూ కొండల్లో పుడతాయి. మా ఊరి తూర్పు వాగు మాత్రం ప్రణాళికలో పుట్టింది.

రాష్ట్రం ఏర్పడిన మరుసటి వేసవిలో, ప్రజలే తమ అభివృద్ధికి ప్రణాళిక వేసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. ఊరి పటాన్ని ఊరివాళ్లే నేల మీద రంగుల ముగ్గుతో గీయాలి. అధికారి ఫొటో తీస్తారు. ఫొటోలో ఏముంటే అదే ఊరు. ఉదయం పది గంటలకు రావలసిన అధికారి సాయంత్రం ఆరింటికి వచ్చారు (రికార్డుల్లో ఆయన పదికే వచ్చారు). ఈలోగా గుర్వయ్య గొర్రెలు మూడు వందలు మేత నుంచి తిరిగివస్తూ పటం మీదుగా నడిచి ఇల్లు చేరాయి.

“గొర్లు ఇంటి మొఖం పట్టినంక ఆగుతయా సారు?” అంటాడు గుర్వయ్య ఇప్పటికీ. “గవ్విటికి ప్రణాళికంటే ఎర్కనా?”

అధికారి జీపు కనబడింది. వచ్చే మనిషికి చెదిరిన ముగ్గు చూపించడం మా ఊరి ఆడవాళ్ల వల్ల అయ్యే పని కాదు. పటం గీసిన సుక్కమ్మ చకచకా సరిదిద్దింది. ఊరికి పడమట పారే వాగు గీత గొర్రెల కాళ్ల కింద చెరిగిపోయింది. తూర్పు దిక్కు బోసిగా కనిపించింది కనుక మిగిలిన నీలిరంగు అటు పోసింది. నిండుగా ఉంటుందని మూలకు తామరపువ్వు వేసింది. ఫొటో తీశారు. తామరపువ్వు చెరువుగా నమోదైంది. (ఏటా అందులోకి చేపపిల్లలు విడుదలవుతున్నాయి. పట్టినవారు మాత్రం లేరు.)

మూడేళ్లకు తూర్పు వాగు మీద వంతెన వచ్చింది. అది పర్వతాలు అనే రైతు జొన్నచేను నడుమ, రెండు వైపులా రెయిలింగుతో, వరద మట్టం చూపే కొలబద్దతో ఉంది. ప్రతి వానకాలం ఆ కొలత నేనే పంపుతాను: సున్నా. పరిస్థితి అదుపులో ఉన్నందుకు అభినందనలు వస్తాయి.

అసలు వాగు పడమటనే, ఊరికీ కొత్తకోట రోడ్డుకూ మధ్య ఉండిపోయింది. గట్టి వాన పడితే అంబులెన్సు అవతలి ఒడ్డున ఆగుతుంది. ఈ జూన్‌లో సుక్కమ్మ మనవరాలు నాగరాణికి ఎనిమిదో నెల నిండింది. సుక్కమ్మ ఆఫీసుకు వచ్చింది.

“సారు, నేను గీసిన గీత నేనే తుడుస్త. యాడున్నదో జర సూపియ్యి.”

“అది ఆన్‌లైన్‌ల ఉన్నది అవ్వా.”

“అయితే గాడికే చీపురు పట్టుకొని పోత. బస్సు ఎన్ని గంటలకు?”

మండల ప్రణాళికా సమన్వయకర్త విజేందర్ గారిని పిలిపించాను. మర్యాదస్తుడు. నియమాలను ఓపికగా వివరించారు. వాగును తొలగించాలంటే ముందు దాని మీది వంతెనను తొలగించాలి. వంతెనను తొలగించాలంటే అది వరదకు కొట్టుకుపోయి ఉండాలి. వరదకు కొట్టుకుపోవాలంటే దాని కింద వాగు ఉండాలి. ఈ తర్కంలో లోపం కోసం చాలాసేపు వెతికాను. దొరకలేదు.

పోనీ, పడమటి వాగును కొత్తగా నమోదు చేద్దామన్నాను. ముందురోజే తొలి వాన పడింది. విజేందర్ గారు బూట్లు విప్పి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫోనులో స్థలాన్ని గుర్తించారు. ‘ఈ ప్రదేశంలో వాగు లేదు’ అని వచ్చింది.

“మీ బాధ నాకు అర్థమైతాంది సార్,” అన్నారు ఆయన, ప్యాంటు పిండుకుంటూ. “కానీ వాగు లేదంటాంది. శుక్రవారం పదింటికి గ్రామసభ పెట్టి కొత్త ముగ్గు గీయించుదాం. మంజూరుకు మూడేండ్లు.”

“మూడేండ్లంటే పుట్టేటోళ్లు నడుసుకుంటనే దాటుతరు గద సారు,” అంది ఒడ్డున కూర్చున్న నాగరాణి.

ఆమె భర్త లింగస్వామి ట్రాక్టరు నడుపుతాడు. మాట తక్కువ మనిషి. విజేందర్ గారు వెళ్లాక నా దగ్గరకు వచ్చాడు.

“గీడ వాగు లేదని రాసిన్రు గద సారు?”

“రాశారు.”

“లేని వాగుల పైపులేస్తే ఎవ్వల పర్మిషన్ గావాలె?”

నాకు తెలిసిన చట్టాలన్నీ మనసులో తిరగేశాను. ఎవరి అనుమతీ అక్కరలేదు.

వంతెన కట్టగా మిగిలిన సిమెంటు పైపులు పర్వతాలు చేనులో ఏళ్లుగా పడి ఉన్నాయి. శుక్రవారం తెల్లవారగానే అవి ట్రాక్టరెక్కాయి. నీళ్లు పైపుల్లోంచి పోయేలా పరిచి, పైన దారి వేయడానికి ఊరంతా వాగులోకి దిగింది. గుర్వయ్య రాళ్లు మోశాడు, సుక్కమ్మ మొరం మట్టి గంపలు అందించింది.

“గంత పల్చగ పోస్తరా?” ఒడ్డు మీది నుంచి నాగరాణి అజమాయిషీ. “గతుకులకు ఊగేది నేను, మీరు గాదు.”

పది గంటలకు పంచాయతీ ఆఫీసు ముందు విజేందర్ గారు అయిదు రంగుల ముగ్గు పొట్లాలతో కూర్చుని ఉన్నారు. ఎదుట కుర్చీలన్నీ ఖాళీ. హాజరు రాయమన్నారు. రిజిస్టరు తెరిచి ఇలా రాశాను: ‘గ్రామస్థులందరూ రోడ్డు పనిలో ఉన్నందున, నేడు అభివృద్ధిపై చర్చ జరగలేదు.’

సంతకం చేసి, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, వాగుకు వెళ్లి ఒక పైపు చివర పట్టుకున్నాను.