సరిహద్దు పతకానికి సారా చుక్కలు

ఆ ఉదయం సార్జంటు సాతుర్నీనోకు ఉన్న పని ఒక్కటే: కర్నల్ వచ్చేదాకా పతకాన్ని భద్రంగా చూసుకోవడం. బొలీవియా కొండల్లో సరిహద్దు కాసే జవాన్ల కోసం కొత్తగా చేయిస్తున్న పతకం అది. నమూనా ఒక్కటే ఉంది. పైన నీలాకాశం, కింద మంచుకొండ, తగిలించడానికి ఎర్ర రిబ్బన్. రంగులతో బొమ్మ గీసింది స్వయంగా కర్నల్ విల్యగోమెసే. మధ్యాహ్నం లాపాజ్ నుంచి జనరల్ వచ్చి, నచ్చితే దాన్ని అక్కడే ఒక జవానుకు తగిలిస్తాడు.

"దానికేమన్నా అయిందో, నీ భుజం పట్టీలు ఊడబీకి జైల్లో తోయిస్తా" అని కర్నల్ ముందే చెప్పాడు. సాతుర్నీనో పింఛను గుమ్మంలో ఉన్నవాడు. అందుకే పొద్దుట్నుంచీ ఊపిరి కూడా పక్కకు తిరిగి వదులుతున్నాడు.

కోకా ఆకుల టీ తెచ్చిన భార్య బసీలియా పతకాన్ని చూసి బుగ్గలు నొక్కుకుంది.

"దీనికి సారా చుక్కలు పోశారా?"

"లేదే."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! కొత్త కుండ కొంటేనే భూమితల్లికి పోస్తామే, గుండె మీద పెట్టుకునేదానికి పొయ్యరా? పెట్టుకున్నోడికి కీడు కాదూ?"

కీడు అనేసరికి సాతుర్నీనో సారా సీసా అందుకున్నాడు. రెండు చుక్కలు నేల మీద, రెండు చుక్కలు పతకం మీద పోశాడు. ఆకాశం కరిగి కొండ మీదికి కారింది. కంగారుగా చొక్కా చేతితో తుడిచాడు; కొండ కూడా పోయింది. ఆ నీలం రిబ్బన్‌కు పాకింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

"ఇక నా గతి జైలే" అని కూలబడ్డాడు.

"ముందా ఏడుపాపు. ఉన్నికద్దే రంగులున్నాయి, నేను పూస్తా. నువ్వు పోయి రిబ్బన్ ఉతుకు."

ఉతికి సరిహద్దు ముళ్లతీగ మీద ఆరేశాడు. గోరుచుట్టుపై రోకలిపోటులా గాలి లేచింది. రిబ్బన్ ఎగిరి అవతలి దేశంలో ఒక పొదకు చిక్కుకుంది. హద్దు దాటిన సైనికుడికి ఏ శిక్ష పడుతుందో కొత్తవాళ్లకు చదివి వినిపించేది సాతుర్నీనోనే. అయినా ఏం చేస్తాడు? తీగ కింద దూరి, ఎర్రబురదలో పడుతూ లేస్తూ వెళ్లాడు. తూటా ఇప్పుడో ఇంకాసేపట్లోనో వీపులో దిగుతుందనిపించి, రిబ్బన్‌తో తిరిగొచ్చేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

బసీలియా రంగులు పూసి రిబ్బన్ కట్టిందో లేదో, కర్నల్ జీపు దిగాడు. పతకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నిన్నటికంటే బాగుందయ్యా ఇది!" అంటూ కోటు జేబులోంచి చిన్న సీసా తీశాడు.

"వద్దు సార్!"

"ఏం? భూమితల్లికి పొయ్యకుండా జనరల్ చేతిలో పెట్టమంటావా? కీడు కాదూ?"

పోశాడు. ఆకాశం కర్నల్ తెల్ల చేతితొడుగుల మీదికి కారింది. ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది.

"సార్జంటూ... నువ్వేం చూళ్లేదు."

"లేదు సార్."

"జనరల్‌కి తెలిస్తే నా పట్టీలు ఊడబీకుతాడయ్యా! ఇప్పుడెలా?"

"మా ఆవిడకి... కాస్త రంగులు పూయడం వచ్చు సార్."

మధ్యాహ్నం జనరల్‌కు పతకం తెగ నచ్చింది. మొదటిది ఎవరికని అడిగితే, కర్నల్ ఆలోచించకుండా సాతుర్నీనోను ముందుకు తోశాడు.

"ఈయనకే సార్! ఇన్నేళ్లలో ఈగను కూడా హద్దు దాటనివ్వలేదు."

చప్పట్ల మధ్య సాతుర్నీనో నిటారుగా నిలబడ్డాడు. అతని బూట్లకు అవతలి దేశపు ఎర్రబురద ఇంకా ఆరలేదు.