తడిమడి సంగ్రామము

స్వస్తి. ప్రభవ నామ సంవత్సర కార్తీక మాసమున, దుర్గశిఖరాలంకృతమూ, కార్పాసధూళిధవళితమూ, శకటచక్రఘోషముఖరితమూ అయిన ఆదోని పట్టణంలో, రైలుపట్టాలకు అవతల, ఒకానొక జిన్నింగు మిల్లులో, ప్రపంచ చరిత్ర బొత్తిగా పట్టించుకోని మహాయుద్ధమొకటి జరిగింది. అందులో రక్తం చిందలేదు. చిందినదల్లా గ్లాసెడు టీ, అదీ మేజాబల్ల మీద.

ఆ యుద్ధానికి నాయకుడు స్థూలోపనేత్రధారి, ఫ్లాపీపాణి, సేతుమాధవరావు గారి జ్యేష్ఠపుత్రుడు వాదిరాజ. మిల్లులో కొత్తగా దిగిన కంప్యూటరుకు సారథీ ఆయనే, అర్చకుడూ ఆయనే. అర్చకుడని ఊరికే అనడం లేదు. మంత్రాలయం పక్కన తరతరాలుగా గుడిసేవ చేసిన వంశం కాబట్టి, కంప్యూటరు గదిని ఆయన గర్భగుడిలాగే చూసుకునేవాడు. చెప్పులు బయట విడవాలి. కాళ్ళు కడుక్కోవాలి. ఒంటి మీద పత్తి పోగు ఉన్నవాడు గడప దాటకూడదు. ఆ మిల్లులో ఒంటి మీద పత్తి పోగు లేనివాడు వాదిరాజ ఒక్కడే కావడంతో, ఆ గదిలోకి ఇంకెవరూ వచ్చే ప్రమాదం లేకపోయింది.

యుద్ధకారణం ఇది. పత్తి బేళ్ళ మీద అంటించే చీటీలు ఇంగ్లీషులో వచ్చేవి. బేళ్ళు మోసే హమాలీలకు ఇంగ్లీషు రాదు. ఎమ్మిగనూరు నూలుమిల్లుకు పోవలసిన సరుకు గుంతకల్లు చేరింది. మిల్లు సావుకారు నరసన్న గడప బయట నిలబడి, అరవకుండానే తేల్చేశాడు.

"సాయంత్రం లారీ కదిలేలోగా తెలుగులో సీటీ రావల్ల. రాకుంటే ఆ పెట్టె వాపసు పోతాది. నువ్వు కాటా కాడ కూసుందువులే."

వాదిరాజ పరుగున పోయి కంప్యూటరును వాటేసుకున్నంత పని చేశాడు. తూకానికి కూర్చోవడం చిన్నతనమని కాదు. ఆ పెట్టె అంటే ఆయనకు ప్రాణం. దాని ఆకుపచ్చ అక్షరాలు కనబడని రోజును ఊహించుకోలేకపోయాడు.

శత్రువులు ఇద్దరు. కంప్యూటరుకు తెలుగు అక్షరాలు నేర్పే ప్రోగ్రాము ఒకటి, ప్రింటరుకు తెలుగు అచ్చు నేర్పే ప్రోగ్రాము ఒకటి. ఏ ప్రోగ్రామైనా పెట్టెలోకి ఎక్కాలంటే దానికి ఆధారమైనది ముందే ఎక్కి ఉండాలి. ఏది ముందో ఏది వెనకో తానే కనిపెట్టి, అన్నిటినీ వరుసగా ఎక్కించే పెద్ద ప్రోగ్రామును వాదిరాజ స్వహస్తాలతో రాశాడు. దానికి 'మడి' అని పేరు పెట్టి, ఇంట్లో నేర్చిన న్యాయమే అందులో పెట్టాడు. పూర్తిగా సిద్ధమైనది శుద్ధం. సిద్ధం కానిదాన్ని తాకినది మైల. మైలపడినది వెనక్కి పోయి మొదటినుంచి స్నానం చేసి రావాలి.

ఇన్నాళ్ళూ ఆ న్యాయం బాగానే నడిచింది. ఈ రోజు అక్షరాల ప్రోగ్రాము 'ముందు అచ్చు ఎక్కాలి' అంది. అచ్చు ప్రోగ్రాము 'ముందు అక్షరాలు ఎక్కాలి' అంది. ఒకదాన్నొకటి తాకడం, రెండూ మైలపడడం, రెండూ మళ్ళీ స్నానానికి పోవడం. పొద్దున్నుంచీ ఫ్లాపీ డ్రైవు గురగురమంటూ వాటికి నీళ్ళు పోస్తూనే ఉంది.

అప్పుడు వాదిరాజ రోషకషాయితలోచనుడై లేచి, టీ గ్లాసును మోచేత్తో పడగొట్టి, మేఘగంభీరస్వరంతో ఇలా పలికాడు:

"ఓరీ అక్షరాధమా, ఓరీ ముద్రణాపసదా, పరస్పరముఖావలోకనమాత్రవ్యాపారులారా, తొలుత నీవు నడువుమనిన నీవు నడువుమని గుమ్మమున నిలిచి కాలహరణము సేయు మీ కపటవినయమును నేడు భగ్నము గావింపనేని నేను వాదిరాజను గాను."

"ఎవురితో మాట్లాడతాండావు సామీ?" అన్నాడు గడప బయటనుంచి, పత్తిని బేళ్ళుగా బిగించే ప్రెస్సుకు మేస్త్రీ అయిన మాదన్న. తలనుంచి పాదాల దాకా పత్తి పట్టి ఉన్నాడు.

"శత్రువుతో మాదన్నా."

"కానీలే. లారీ వచ్చి నిలబడినాది. ఇంటికి పోయి ఇంత తినేసి రా. ఉత్త కడుపుతో ఏం తోస్తాది?"

వీరుడు సైకిలెక్కి ఇంటికి పోయాడు. తల్లి భీమాబాయి స్నానాల గదిలో ఉంది. వసారాలో దండెం మీద ఆమె మడిచీర ఆరుతోంది. వాదిరాజ దానికింద నిలబడి, విధిని నిందించబోయి, బాహుదండాన్ని ఆకాశానికెత్తాడు. అది ఆకాశానికి చేరలేదు. చీరకు తగిలింది.

"ముట్టుకున్నావా?" అంది భీమాబాయి లోపలినుంచి. తల్లులకు ఇలాంటివి తలుపు అవతలనుంచి కూడా తెలుస్తాయి.

"తగిలిందమ్మా."

"ఉన్నది అదొక్కటే. దాన్ని మళ్ళీ తడిపి ఆరేయాలంటే మడిలో ఉండేవాళ్ళు కావాలి. నేను మడి కట్టుకోవాలంటే అదే కావాలి. ఏం చేయమంటావు చెప్పు."

పొద్దున్నుంచీ పెట్టెలో జరుగుతున్న యుద్ధం తన ఇంటి వసారాలోకే వచ్చింది. ఇక ఈ ఇంట్లో వంట కాదు, ఆ మిల్లులో చీటీ రాదు అని ఆయన నిశ్చయించుకుంటుండగా తలుపు తెరుచుకుంది. విడిచిన చీరనే నీళ్ళలో ముంచి ఒంటికి చుట్టుకుని, బొటబొట కారుతూ భీమాబాయి బయటికి వచ్చింది. మైలపడ్డ చీరను బిందెడు నీళ్ళలో జాడించి, పిండి, దండెం మీద పరిచి, వంటింటివైపు నడిచింది.

"అమ్మా, తడిచీరతో మడి అవుతుందా?"

"ఇన్నేండ్లు ఈ ఇంట్లో ఏం చూసినావురా? తడి ఉన్నంతసేపు మడే. ముందు తడిపి చుట్టుకుంటే పని నడుస్తుంది. ఆరేది వెనక ఆరుతుంది."

వాదిరాజ సైకిలెక్కేశాడు.

"అన్నం?"

"వచ్చి తింటా."

"చీర ముట్టుకునిందే కాక పారిపోతాండాడు, చూడు," అంది భీమాబాయి పొయ్యితో.

అటుపై వాదిరాజ, చెప్పులు విడవడం మరిచి, కాళ్ళు కడగడం మరిచి, తాను పెట్టిన నియమాలన్నిటినీ తానే తొక్కుకుంటూ గర్భగుడి ప్రవేశించి, మీటలమీద శరపరంపరలవలె వ్రేళ్ళు కురిపించి, శుద్ధానికీ మైలకూ నడుమ 'తడి' అనే మూడవ స్థితిని సృష్టించి, అక్షరాలను తడిగానే ఎక్కించి, అచ్చునూ తడిగానే ఎక్కించి, తడిదాన్ని తడిది తాకినా దోషం లేదని శాసించి, రెండూ లోపలికి వచ్చి ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాక, అప్పుడు, అప్పుడు మాత్రమే, రెండింటినీ కలిపి ఆరబెట్టాడు.

డ్రైవు గురగుర ఆగింది. బయట లారీ హారను మోగింది. ప్రింటరు ఒక్కసారి దగ్గి, కరకరమంటూ కాగితాన్ని వెళ్ళగక్కింది.

వాదిరాజకు కళ్ళు చెమర్చాయి. అద్దాలు తుడుచుకుంటూ, "లోపలికి రా మాదన్నా," అన్నాడు.

"ఒంటినిండా పత్తి ఉండాది సామీ."

"ఉండనీ. రా."

మాదన్న కొళాయి కింద కాళ్ళు కడుక్కుని, తడికాళ్ళతో తొలిసారి ఆ గడప దాటి, చీటీ అందుకుని కూడబలుక్కున్నాడు.

"ప...తి. ఎ...మి...గ...నూరు." చీటీని తిప్పి చూశాడు. "ఎవురి పతి సామీ? బేళ్ళతో పాటు ఆయప్పను గూడా ఎక్కియ్యల్లనా?"

వాదిరాజ చూశాడు. అక్షరాలన్నీ వచ్చాయి. వాటి కింద రావలసిన ఒత్తులే రాలేదు.

"ఒత్తులు ఇంకా ఆరలేదు మాదన్నా," అన్నాడు. "రేపటికి ఆరతాయి."

మాదన్న నవ్వి, బేళ్ళకు గుర్తులు వేసే నల్లరంగు కుంచె తెచ్చి, త కింద ఒక ఒత్తు, మ కింద ఒక ఒత్తు పెట్టాడు. సావుకారు ఆ చీటీని ఎండలోకి పట్టి చూసి, "పెట్టె ఉండనీలే," అనేసి వెళ్ళిపోయాడు.

ఈ విధముగా, కార్తీక సాయంసంధ్యారాగరంజితమైన ఆదోని దుర్గం సాక్షిగా, ఒక లారీ ఏ ఊరికి పోవలెనో ఆ ఊరికే పోయెను. జయము వాదిరాజకు. జయము తడిచీరకు. రెండు ఒత్తులు తక్కువగా, సంపూర్ణ విజయము.