అసలు డిస్కు ఎవరికి?

మొగల్తూరుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊళ్ళో ఒక కంప్యూటరును ఇద్దరు అన్నదమ్ములకు ధర్మబద్ధంగా, ఏ పక్షానికీ అన్యాయం జరగకుండా పంచడమైనదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

కీర్తిశేషురాలు అచ్చాయమ్మ గారికి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దాయన వీరవెంకటసత్యనారాయణ గారికి రొయ్యల చెరువులు, చిన్నాయన గణేష్‌బాబు గారికి ఎరువుల కొట్టు ఉన్నాయి. కూతురు నాగదుర్గ నరసాపురంలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. తల్లి మంచాన పడిన మూడేళ్ళూ కొడుకులు ఆవిడ ఆరోగ్యాన్ని ఫోనులో ఎంతో శ్రద్ధగా చూసుకున్నారు. అన్నం తినిపించడం, ఒళ్ళు తుడవడం వంటి చిల్లర పనులు మాత్రం నాగదుర్గ చూసుకుంది.

పొలం కాగితాలకు చెదలు పడుతున్నాయని వాటినన్నిటినీ స్కాన్ చేసి ఇంటి కంప్యూటరులో పెట్టింది కూడా ఆమే. ఒక డిస్కు పాడైతే రెండోది ఉంటుందని రెండు డిస్కులు బిగించి, అద్దం పద్ధతిలో కలిపింది. అంటే ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అప్పటికప్పుడే అది పడుతుంది. ఒకదాంట్లో చెరిపితే రెండోదాంట్లోనూ చెరిగిపోతుంది.

అచ్చాయమ్మ గారు పోయాక పొలాలు, చెరువులు, కొబ్బరితోట ఒక్క పూటలో పంచేశారు. కంప్యూటరుకు మాత్రం మూడు రోజులు పట్టింది.

మొదటి రోజు మాజీ సర్పంచ్ బుజ్జిబాబు గారి అధ్యక్షతన పెద్దలు కొలువుదీరి, నరసాపురంలో కంప్యూటర్లు బాగుచేసే అశోక్‌ను పిలిపించారు. ఇతను నాగదుర్గ దగ్గర చదువుకున్నవాడే.

"రెండూ ఒకటేనండి. చెరొకటి తీసుకోండి" అన్నాడు అశోక్.

పెద్దలు నవ్వుకున్నారు. "ఒకటే అయితే రెండెందుకయ్యా? ఒకటి అసలు, ఇంకోటి నకలు. ఏది ఏదో చెప్పడానికే నిన్ను పిలిచాం" అన్నారు బుజ్జిబాబు గారు.

"అలా ఉండదండి. అద్దమండి ఇది."

"అద్దంలో కనపడేది నీడే కదా? ఆ నీడ ఎవరి వాటాకి వస్తుందనేదే ఇక్కడ ప్రశ్న."

"నాకు నీడొద్దు" అన్నారు పెద్దాయన. "నాకు మాత్రం ఎందుకు?" అన్నారు చిన్నాయన.

రెండో రోజు డిస్కులను ఎరువుల కొట్టులోని కాటా మీద తూచారు. గ్రాము కూడా తేడా రాకపోవడంతో ఇద్దరికీ అనుమానం ముదిరింది. కాటా గణేష్‌బాబు గారిది కాబట్టి సత్యనారాయణ గారు ఆ తూకాన్ని ఒప్పుకోలేదు.

మూడో రోజు తీర్మానం వెలువడింది. పెట్టెలో పైన ఉన్న డిస్కు జ్యేష్ఠుడికి, కింద ఉన్నది కనిష్ఠుడికి. కింద ఉండటం వల్ల కలిగిన చిన్నతనానికి పరిహారంగా కీబోర్డు చిన్నాయనకే. మౌసు ఉమ్మడి ఆస్తి, ఆరేసి నెలలు చెరొకరి దగ్గర ఉంటుంది. డిస్కులు తీసేయగా మిగిలిన ఖాళీ పెట్టె ఆడపడుచు లాంఛనం కింద నాగదుర్గకు. ఈ విశాల హృదయానికి సభ చప్పట్లు కొట్టింది.

మర్నాడే అన్నదమ్ములిద్దరూ చెరో కొత్త కంప్యూటరు కొని, ఎవరి డిస్కులో వారు ఏమైనా తగ్గిందేమోనని వెతకడం మొదలుపెట్టారు. కాగితాల మధ్య 'అమ్మ మాట' అనే వీడియో ఇద్దరికీ కనపడింది. మంచం మీద దిండ్లకు ఆనుకుని అచ్చాయమ్మ గారు మాట్లాడుతున్నారు.

"బాబులూ, తోటలో ముప్పై సెంట్లు చెల్లికి రాసెయ్యండి. అది అడగదు. నేనే అడగొద్దన్నాను. మీరే ఇస్తారని నాకు తెలుసు."

సత్యనారాయణ గారు కళ్ళు తుడుచుకుని అశోక్‌కు ఫోన్ చేశారు. "ఓ వీడియో ఎక్కువ చోటు తినేస్తోందయ్యా. తీసెయ్యాలి. తమ్ముడికి చెప్పకు." గంట తర్వాత గణేష్‌బాబు గారు ఫోన్ చేశారు. "మళ్ళీ కనపడకుండా పోవాలి సుమా. అన్నయ్యకి తెలియనివ్వకు."

రెండిళ్ళకూ వెళ్ళి పని ముగించుకున్న అశోక్ తిన్నగా నాగదుర్గ దగ్గరికొచ్చాడు.

"మేడం, రెండు డిస్కులూ విడదీసి నాలుగు రోజులైందండి. అయినా అద్దం పద్ధతి ఇంకా పనిచేస్తూనే ఉందండి" అన్నాడు తల వంచుకుని.

నాగదుర్గ తన ఫోను తీసి చూసుకుంది. ఆ వీడియో తీసింది దాంతోనే. అమ్మ అడగొద్దంది కాబట్టి, అన్నయ్యలు చూసి పిలుస్తారని ఆ నాలుగు రోజులూ ఎదురుచూసింది. సాయంత్రం పెద్దలను కూర్చోబెట్టి ఫోను బల్ల మీద పెట్టి వీడియో చూపించింది.

"అయ్యో, నేను చూడనే లేదే!" అన్నారు అన్నదమ్ములిద్దరూ ఒక్క గొంతుతో.

"చెరిపింది నేనే కదండి, మీరిద్దరూ చెబితేనే" అన్నాడు తలుపు దగ్గర నుంచున్న అశోక్.

బుజ్జిబాబు గారు కండువా సర్దుకుని లేచారు.

"తల్లి మాట దైవంతో సమానం. దాన్ని పొలం గట్ల దాకా దించి మైల చెయ్యకూడదు. ఏటేటా ఆవిడ వర్ధంతికి ఈ వీడియో వేసి, కొడుకులిద్దరూ పూలదండ వెయ్యాలి. తోట మాత్రం కాగితాల ప్రకారమే ఉంటుంది. ఏమ్మా, నీకు సమ్మతమేనా?"

"నా సమ్మతి లాయరు గారి చేత రాయించి పంపుతానండి" అంది నాగదుర్గ. "వర్ధంతి దాకా ఆగడం దేనికని వీడియో ఇప్పుడే ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను."

రాత్రి భోజనాలయ్యేలోగా ఊరంతా చూసింది. ఆడవాళ్ళు ఏడ్చారు. మగవాళ్ళు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. "ఇలాంటి కొడుకులు పగవాడికి కూడా వద్దు" అని రాసిన వారిలో మేమూ ఉన్నాం.

మర్నాడు పొద్దున్నే మా ఊరి మగవాళ్ళందరూ తమ తల్లుల పక్కన కూర్చుని, వాళ్ళ ఫోన్లు తీసుకుని, చోటు నిండిపోయిందని చెప్పి, వీడియోలన్నీ ఒక్కొక్కటే చూసి శుభ్రం చేసిపెట్టారు. నేనూ చేశాను. పనులు మానుకుని మరీ తన దగ్గర గంటసేపు కూర్చున్నానని మా అమ్మ ఎంత మురిసిపోయిందో!