రోజూ పుట్టిన డైరెక్టరు గారు

నీటి సరఫరా కార్యాలయం పొదుపులో ఆదర్శంగా నిలిచిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. పొదుపు చేసింది నీటిని కాదు, షెడ్యూళ్లను.

ఆ కార్యాలయపు డేటాబేస్‌లో పనులన్నీ వాటంతటవే జరిగిపోతాయి. ఊరికి నీళ్లు వదలడం ఒక పని, మీటర్ల లెక్క సరిచూడడం ఒకటి, డైరెక్టరు గారి పుట్టినరోజు కబురు ఇంటింటి ఫోనుకూ పంపడం ఇంకొకటి. దేని షెడ్యూలు దానికే ఉండేది. వీటిని చూసే ఉద్యోగిని అందరూ గడియారం అంటారు. ఒకనాడు ఆయనకు జ్ఞానోదయమైంది. తెల్లవారుజామున నీళ్లు వదిలే షెడ్యూలు ఉండనే ఉంది. అన్నిటినీ దానికే తగిలిస్తే పోలా? తగిలించాడు. ప్రశంసాపత్రం అందుకున్నాడు.

మర్నాటి నుంచి డైరెక్టరు గారు రోజూ పుట్టసాగారు. ఫోను మోగేది, కుళాయి బుసకొట్టేది. ప్రజలు విసుక్కోలేదు, శుభాకాంక్షలు పంపి బిందె పెట్టేవారు. అభ్యంతరం డైరెక్టరు గారి భార్య నుంచే వచ్చింది.

"ఈ లెక్కన మీరు మొన్ననే రిటైరైపోవాలి," అందావిడ.

డైరెక్టరు గారు గడియారాన్ని పిలిపించి, తన పుట్టినరోజు ఇకపై ఏడాదికొక్కసారే రావాలని ఆదేశించారు. గడియారం షెడ్యూలు తెరిచి 'రోజూ' తీసి 'ఏడాదికోసారి' అని పెట్టాడు. ఒకే పలుపుకు కట్టిన పశువులు ఒకే దారిన పోతాయి కదా. నీళ్లూ పోయాయి.

"ఏమండీ, మీ ఆఫీసులో అందరూ చచ్చారా?" ఖాళీ బిందె ముందు కూర్చున్న భార్య గడియారాన్ని అడిగింది.

"ఎవరూ చావలేదే. ఒకాయన పుట్టడం మానేశాడు, అంతే."

ఆ మాట వీధి దాటింది. ఊరంతా బిందెలతో డైరెక్టరు గారి గుమ్మం ముందు నిలిచి, తమరు మళ్లీ పుట్టాలని వినయంగా కోరింది.

"ప్రజల దాహం తీరుతుందంటే ఎన్నిసార్లయినా పుడతాను," అని డైరెక్టరు గారు గద్గద స్వరంతో ప్రకటించారు.

అక్కడే ఓ పక్కన కూర్చున్న గడియారం మెల్లగా లేచాడు. "అయ్యా, నీళ్లకు వేరే షెడ్యూలు పెడితే సరిపోతుందండీ."

"అంటే, మీకు ప్రశంసాపత్రం పొరపాటున ఇచ్చామంటారా?"

గడియారం కూర్చున్నాడు. పుట్టుకలు యథాప్రకారం మొదలయ్యాయి, నీళ్లూ వచ్చాయి. గడియారం ఇంట్లో ఆయన భార్య కూడా శుభాకాంక్షలు పంపాకే కుళాయి తిప్పుతోంది.

"ఆయన పుట్టుకకూ నీళ్లకూ సంబంధం లేదే. రెండూ ఒకే వేళకు జరిగితే ఒకటి రెండోదానికి కారణమైపోదు," అని ఓపికగా బోధించాడు గడియారం.

"మరి పుట్టనప్పుడు రాలేదుగా?" అందామె.

ఒక ఉదయం గడియారం స్నానాల గదిలో ఉండగా కుళాయి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆయన కాసేపు కారణాలు ఆలోచించాడు. తర్వాత తడిచేత్తో తడుముకుంటూ ఫోను అందుకుని, డైరెక్టరు గారికి నూరేళ్ల ఆయుష్షు కోరాడు.

తర్కం మీద ఆయనకు విశ్వాసం ఇసుమంతైనా సడలలేదు. తల మీద సబ్బు ఉంది, అంతే. ఆయన్ని చూసి నవ్వే హక్కు, తల మీద సబ్బు లేనివారందరికీ ఉంది.