కంప్యూటర్ మీది చిలకల గుడ్డ

ఒక పెద్ద అడవిలో కంప్యూటర్ లేని ఇళ్ళు చాలానే ఉండేవి గానీ, కంప్యూటర్ ఉండి దాని మీద గుడ్డ కప్పని ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. ఉడుత వరహాలమ్మ ఇంట్లో ఆ గుడ్డకి నాలుగు మూలలా చిలకలు. ఆవిడే కుట్టింది. కంప్యూటర్ నడుస్తున్నా సరే, పెట్టె మీద గుడ్డ ఉండాల్సిందే. దుమ్ము పడుతుందట.

సోమవారం ఆవిడ కూతురు నీలవేణి అందులో కొత్త సిస్టం ఎక్కించబోయింది. డెబ్బై రెండు శాతం దాకా వెళ్ళి ఆరిపోయింది. మళ్ళీ వెలిగి సున్నా దగ్గర మొదలెట్టింది. మంగళవారమూ అదే వరస. కొత్తది ఎక్కదు, పాతది రాదు.

నీలవేణికి ఏడుపొక్కటే తక్కువ. నర్సింగు దరఖాస్తూ, సర్టిఫికెట్లూ అన్నీ అందులోనే ఉన్నాయి. గురువారం సాయంత్రం అయిదులోగా పంపకపోతే ఏడాది పోయినట్టే.

బుధవారం రిపేరు షాపు కోతి దండపాణి వచ్చాడు. చెప్పులు విప్పకుండానే, "ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు.

"అందులో ఉన్నవన్నీ పోతాయి కదా?"

"పోతాయి. కానీ హాయిగా నడుస్తుంది."

అతన్ని టీ ఇచ్చి పంపించేశారు.

గురువారం పదింటికి అడవి కంప్యూటర్ సహాయ కార్యాలయం నుంచి ఎలుగుబంటి భీమేశంగారు స్వయంగా దయచేశారు. కుర్చీలో కూర్చుని తెరని తేరిపార చూశారు. తెర కూడా ఆయన్ని చూసింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

నీలవేణి పెట్టె మీద చెయ్యి వేసింది. దోసెల పెనంలా కాలుతోంది. ఆ పిల్లకి విషయం అర్థమైపోయింది.

"సార్, ఈ గుడ్డ తీసేస్తే..."

"సహాయాధికారివి నువ్వా, నేనా?" అన్నారు భీమేశంగారు.

"గుడ్డ జోలికొచ్చావంటే ఊరుకోను. పెద్దవాళ్ళ ముందు ఏమిటా మాటలు?" అంది వరహాలమ్మ.

నీలవేణి పెట్టె మీంచి చెయ్యి తీసేసింది. తర్వాత మెల్లిగా అంది: "అమ్మా, ఇంత పెద్దాయన మనింటికొచ్చారు. శాలువా కప్పకుండా పంపిస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

"అబ్బే, ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అంటూ భీమేశంగారు లేచి నిలబడి చొక్కా సర్దుకున్నారు.

"ఇంట్లో శాలువా ఎక్కడుందే?" వరహాలమ్మ కంగారుపడింది.

"చిలకల గుడ్డ ఉందిగా. నీ చేత్తో కుట్టిందాయె. దానికి మించిన మర్యాద ఏముంటుంది?"

వరహాలమ్మ కరిగిపోయింది. గుడ్డ తీసి భీమేశంగారి భుజం మీద వేసింది. ఆ భుజానికి అది జేబురుమాలులా ఉంది. అయినా ఆయన పొంగిపోయారు. సన్మానం జరిగాక ఉపన్యాసం ఇవ్వకుండా ఉండగలరా? ఉద్యోగంలో చేరిన రోజు నుంచి మొదలుపెట్టారు.

ఆయన రెండో బదిలీ దగ్గరికొచ్చేసరికి తెర మీద డెబ్బై రెండు దాటింది. నాలుగో బదిలీకి నూరు నిండింది. అయిదుకి పది నిమిషాలుండగా దరఖాస్తు వెళ్ళిపోయింది. నీలవేణికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"చూశావా, సారు చేతి చలవ" అంది తల్లి.

"అవునమ్మా" అంది నీలవేణి. ముందు సీటు రావాలి, నిజం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వారం తిరక్కుండా కార్యాలయం నుంచి ఉత్తర్వు వెలువడింది. కంప్యూటర్ మొరాయించినచో ముందుగా అధికారికి శాలువా కప్పవలెను. శాలువాలు లేనివాళ్ళు ఏం చేస్తారు, కంప్యూటర్ మీది గుడ్డే తీసి కప్పారు. కంప్యూటర్లన్నీ బాగుపడ్డాయి. భీమేశంగారికి ప్రమోషన్ వచ్చింది.

ఆ అడవిలో ఈనాటికీ బాగుపడని కంప్యూటర్ ఒక్కటే ఉంది. అది భీమేశంగారింట్లోది. అడవంతా కప్పిన గుడ్డలు వాళ్ళావిడ ఎంతో గర్వంగా దాని మీదే పరుస్తోంది.

నీతి: జబ్బేమిటో తెలియకపోయినా పని జరుగుతుంది, శాలువా ఎవరికి కప్పాలో తెలిస్తే చాలు.